ఎడారిలో పాతిన అమ్మ పెట్టె

చుట్టూ సముద్రం పెట్టుకుని ఎడారి సినిమా తీసిన తెలివైనదాన్ని ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. గొప్పకి చెప్పుకోవడం లేదు. ఆ ఒక్క రోజులో మా అమ్మ పెట్టెని సముద్రం పాలు చేశాను, ముగ్గురు పిల్లల్ని ఏడిపించాను, పెళ్ళి వీడియోలు తీసుకుంటూ హాయిగా బతుకుతున్న ఒక మంచి మనిషికి సినిమా అంటేనే విరక్తి పుట్టించాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం గుండె గొంతులోకొచ్చి కూర్చుంది. మీరూ కాస్త గుండె చిక్కబట్టుకునే చదవండి.

అప్పటికి సునామీ వచ్చి రెండేళ్ళు దాటింది. పోర్ట్ బ్లెయిర్‌లో కేబుల్ టీవీ నడిపే ఒకాయన, ఊరివాళ్ళు సొంతంగా తీసిన సినిమాలు సెలవుల్లో వేస్తానని ప్రకటించాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా ఉండాలి, అంతే షరతు. ఇంకేం, కెమెరా చేతికి చిక్కినవాడల్లా సునామీ మీదే తీశాడు. ఏ సినిమా చూసినా అల రావడం, జనం పరుగెత్తడం, చివర్లో దీపాలు వెలిగించడం. చూసినవాళ్ళంతా ఏడ్చారు. మా అమ్మ మాత్రం అల కనపడగానే టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళ మనిషికి తెలియని విషయం లోకంలో ఉండదు కదా! "ఒక్క చుక్క సముద్రం కనపడని సినిమా నేను తీస్తాను" అని శపథం పట్టాను. నీళ్ళు లేని చోటు ఏది? ఎడారి. ఎడారిలో ఏముంటుంది? నిధి. దాన్ని ఎవరు వెతుకుతారు? పిల్లలు. కథ అయిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు, సినిమా పేరు 'ఎడారి నిధి'.

మా సినిమా బలగాన్ని కూడా చెప్పాలి. హీరో మా తమ్ముడు గోపి, పదిహేనేళ్ళవాడు. ఏ పని చెప్పినా సగం చేసి మిగతా సగం దేవుడికి వదిలేసే రకం. హీరోయిన్ మా మేనమామ కూతురు బేబి. వయసు పద్నాలుగు, నోటి వయసు నలభై. మూడోవాడు పక్కింటి తమిళుల అబ్బాయి సెల్వం. వాడికి కెమెరా చూస్తే నవ్వాగదు. కెమెరా పట్టింది పింటూ భయ్యా. బెంగాలీ మనిషి, మిడిల్ పాయింట్ బజారులో మా నాన్న కొత్తగా పెట్టిన హార్డ్‌వేర్ కొట్టు పక్కనే స్టూడియో. పెళ్ళిళ్ళు, అన్నప్రాశనలు తప్ప మరోటి తీసి ఎరగడు. అందుకే మా హీరో ఎడారిలో దాహంతో తూలుకుంటూ నడిచొస్తున్నా, ఆయన కెమెరా పాదాల దగ్గర మొదలై మెల్లగా ముఖం దాకా ఎక్కేది, పెళ్ళికూతురు మండపానికి వస్తున్నట్టు.

ఒంటె సంగతి అడుగుతారేమో. అండమాన్‌లో ఏనుగు దొరుకుతుంది, మొసలి దొరుకుతుంది, ఒంటె మాత్రం దొరకదు. అందుకని "ఒంటె పారిపోయింది, కాలి గుర్తులే మిగిలాయి" అని కథ మార్చి, కొబ్బరిచిప్పలు బోర్లించి ఇసుకలో ముద్రలు వేయించాను. చూడండి, డబ్బు లేకపోతే బుర్ర ఎంత పనిచేస్తుందో!

ఆ బుర్రే నన్ను ముంచింది. నిధి అన్నాక పెట్టె ఉండాలి కదా. అట్టపెట్టెకి రంగు వేస్తే అట్టపెట్టెలాగే ఉంది. నాకు కావలసింది పాత ఇనప్పెట్టె, మూలలకి ఇత్తడి రేకులు, తుప్పు, గంభీరం. అలాంటిది ఊళ్ళో ఒక్కటే ఉంది. అది మా ఇంట్లో, వీధి గుమ్మం పక్కన, మా అమ్మ కాపలాలో.

ఆ పెట్టె గురించి కాస్త చెప్పాలి. సునామీ నాడు అమ్మానాన్నలు ఓడలో వెళ్ళాల్సిన మరో దీవిలో, హట్ బేలో ఉన్నారు. నాన్నకి అక్కడ కొట్టుండేది. నేనూ గోపీ చదువుల కోసం పోర్ట్ బ్లెయిర్‌లో, లంబాలైన్‌లో మేనమామ ఇంట్లో ఉన్నాం. క్రిస్మస్ సెలవులకి వాళ్ళ దగ్గరికి వెళ్దామంటే ఓడ టికెట్లు దొరకలేదు. టికెట్ దొరకనందుకు గోపి భోరున ఏడ్చాడు. వారం తర్వాత అమ్మానాన్నలు వేరే ఓడలో వచ్చారు. హట్ బేలో ఇల్లు లేదు, కొట్టు లేదు. అమ్మ చేతిలో ఆ పెట్టె ఒక్కటే ఉంది. అక్కడేం జరిగిందో అమ్మ చెప్పలేదు, మేం అడగలేదు. ఆ తర్వాత నుంచి అమ్మ సముద్రం ముఖం చూడలేదు. మా ఊళ్ళో అది అంత తేలిక కాదు. రోడ్డు ప్రతి మలుపులోనూ సముద్రం తొంగి చూస్తుంది. బస్సులో ఆ మలుపు రాగానే అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది.

భూమి కూడా ఊరుకునేది కాదు. నెలకోసారైనా గిన్నెలు గలగలలాడేవి. అందుకే ఆ రోజుల్లో మా ద్వీపాల్లో ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా ఒక సంచో మూటో సిద్ధంగా ఉండేది. కదిలిందంటే చాలు, అది పట్టుకుని బయటికి పరుగు. మా ఇంట్లో ఆ మూట ఈ పెట్టే. రిలీఫ్ సామానుతో వచ్చిన నీలం టార్పాలిన్ ముక్కలో చుట్టి, తాడుతో కట్టి, తాళంచెవి నడుముకి దోపుకునేది. లోపల ఏముందో ఎవరికీ చూపించేది కాదు. చూపించాలా? పెళ్ళినాటి గాజులు, గొలుసు, అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరు ఇంట్లో మరెక్కడా కనపడవు. అవి ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి కాలేజీ చదువు అక్కర్లేదు.

అయినా ముందు మర్యాదగానే అడిగాను.

"అమ్మా, ఒక్క పూటకి పెట్టె ఇస్తావా? సినిమాకి."

"సినిమాకి నా పెట్టెటే?" అంది అమ్మ, బియ్యం ఏరుతూ. "రేపు బూకంపం వొస్తే నీ సినిమా పట్టుకుని పరిగెట్టమంటావేటి?"

"జాగ్రత్తగా తెచ్చి ఇచ్చేస్తాం. పక్కా."

"దాని జోలికొచ్చినావంటే కాళ్ళిరగ్గొడతాను. ఇంతకీ ఎక్కడ తీస్తన్నారు?"

"కాలేజీ గ్రౌండ్‌లో" అన్నాను. నాన్నకి మాత్రం బీచ్ అని నిజం చెప్పాను. నాన్న దగ్గర రహస్యం పెట్టడమంటే చిల్లికుండలో నీళ్ళు పోయడమే, కానీ కాసేపైనా నిలుస్తాయి కదా అనుకున్నాను.

షూటింగ్ రోజు పౌర్ణమి వెళ్ళిన రెండో రోజు. ఆ రోజుల్లో తెల్లవారుజామున సముద్రం బాగా వెనక్కి పోతుంది, బోలెడు ఇసుక బయటపడుతుంది. మా అదృష్టం, అదే పొద్దున కుళాయి వచ్చే రోజు కూడా. అమ్మ పెరట్లో డ్రమ్ములు నింపుకుంటూ ఉంది. నేను టార్పాలిన్ విప్పి, పెట్టె తీసి, దాని చోట రెండు ఇటుకలూ ఒక కొబ్బరికాయా పెట్టి, అదే తాడుతో అదే ముడి వేశాను. పదింటికల్లా తెచ్చి పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? తాళం తీయలేం కాబట్టి నగలతో సహా పెట్టె ఆటో ఎక్కింది. ఆ ఆటోలో దొంగతనం చేసిన భయం నాకు ఇసుమంతైనా లేదు. కళాకారిణిననుకున్నాను మరి.

లంబాలైన్ నుంచి అరగంట దూరంలో జనం రాని చిన్న బీచ్ అది. నీళ్ళు తీసిన చోట ఇసుక చారలు చారలుగా, అచ్చం ఎడారే. అయితే ఒక చిక్కు. కెమెరా అటు తిప్పితే సముద్రం, ఇటు తిప్పితే కొబ్బరిచెట్లు. చివరికి కెమెరాకి సముద్రం వైపు వీపు పెట్టించి, మూతి కిందికి వంచి, కేవలం ఇసుక మాత్రమే కనపడేలా అమర్చాను. ఆపైన ఒక ఆజ్ఞ జారీ చేశాను.

"షూటింగ్ అయ్యేదాకా ఎవరూ సముద్రం వైపు చూడకూడదు. నిధి వెతికేవాడు ఇసుక చూస్తాడు గానీ అలలు చూడడు. తల ఎత్తితే కట్ చెప్పేస్తాను."

గమనించారా? సునామీ తర్వాత అండమాన్‌లో మూడేళ్ళ పిల్లకి కూడా నేర్పిన ఒకే ఒక పాఠం, ఒడ్డుకు వెళ్తే ఒక కన్ను సముద్రం మీద ఉంచమని. నేను ఆ రెండు కళ్ళూ మూయించాను.

గోపి మోకాలి లోతు గొయ్యి తీసి పెట్టె పాతాడు. పాతి, గుర్తుకి ఒక కొబ్బరిమట్ట గుచ్చాడు.

"అదేంట్రా?" అన్నాను.

"గుర్తు అక్కా. తర్వాత తవ్వాలి కదా."

"ఎడారిలో కొబ్బరిమట్ట ఎక్కడిదిరా? తీసెయ్."

తీసేశాడు. అంతలో, పాతడం తీస్తున్న పింటూ భయ్యా, "దీదీ, యే పేడ్ భీ ఆ రహా హై" అన్నాడు. ఉప్పునీటికి చచ్చి ఎండిపోయిన ఒక చెట్టు, రెండు కొమ్మలతో కెమెరాలో దూరుతోంది.

"ఆ ముక్క చెరిపేయండి భయ్యా. కెమెరా పక్కకి జరపండి."

జరిపాడు. ఇక నూరేళ్ళుగా ఎవరూ అడుగు పెట్టని ఇసుకలా కనిపించాలని, అదే కొబ్బరిమట్టతో ఆ చోటంతా నేనే స్వయంగా ఊడ్చాను. మా ఇల్లు ఏనాడూ అంత శుభ్రంగా ఊడ్చి ఎరగను. అమ్మ చూసుంటే సంతోషించేది, ఒక్క క్షణం.

తర్వాత నడిచే సీన్లు. సెల్వం "నీళ్ళు, నీళ్ళు" అని దాహంతో పడిపోవాలి. వాడు పడినప్పుడల్లా నవ్వాడు. బేబికి మా నాన్న లుంగీతో కట్టిన తలపాగా ముక్కు మీదికి జారిపోయేది. ఒంటె ముద్రలు వేయడం, తొక్కేయడం, ఊడ్చడం, మళ్ళీ వేయడం. ఎక్కడో ఏదో కొబ్బరాకు నీడ పడిందని కెమెరా అటు కొంచెం, ఇటు కొంచెం జరిగింది. ఎండ ఎక్కింది. చివరికి నిధి తవ్వే సీన్ వచ్చింది.

"యాక్షన్!"

ముగ్గురూ తవ్వారు. కాసేపు తవ్వి ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఇంకాస్త పక్కన తవ్వారు. గోపి నుదుటి మీద చెమట. బేబి పెదవి వణుకుతోంది. సెల్వం, ఆశ్చర్యం, నవ్వడం లేదు. నా ఒళ్ళు పులకరించింది.

"భయ్యా, ఆ ముఖాలు చూడండి! కట్ చెప్పను, తీస్తూనే ఉండండి!"

"అక్కా" అంది బేబి. "లేదు."

"డైలాగ్ బాగుంది, కానీ స్క్రిప్టులో లేదే."

"స్క్రిప్టు కాదక్కా! సచ్చీ బోల్తున్నా, పెట్టె లేదు!"

సరిగ్గా అప్పుడు నా మడమకి ఏదో చల్లగా తగిలింది. ఆ పొద్దున మొదటిసారి వెనక్కి తిరిగాను. సముద్రం నా వెనకే నిలబడి ఉంది, అప్పు అడగడానికొచ్చిన చుట్టంలాగ, పలకరించకుండా.

పోటు వస్తోంది. అది రోజూ వచ్చేదే, ఎవరి మీదా కోపంతో కాదు. కానీ ఆ నీళ్ళ కింద ఎక్కడో మా అమ్మకి మిగిలిన ఒకే ఒక్క వస్తువు ఉంది.

"తవ్వండి! అందరూ తవ్వండి!" అని అరిచాను. "ఎక్కడ పాతావురా?"

"నువ్వే కదా గుర్తు తీయించావు!"

"తీయిస్తే మాత్రం నీకు గుర్తుండదా?"

"అంతా ఒకలాగే ఉంది కదక్కా! నువ్వే ఊడ్చావు!"

పింటూ భయ్యా కెమెరా చెట్టుకి తగిలించి లుంగీ ఎగ్గట్టి దిగాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మేం బీచంతా తవ్వి ఒక ఎండ్రకాయను పట్టాం, అది కూడా బేబి వేలు కొరికి పోయింది. ఒక గొయ్యి తవ్వేలోపల వెనక గొయ్యిలోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి.

అప్పుడు భూమి కదిలింది.

పెద్దదేమీ కాదు. కాళ్ళ కింద ఎవరో జల్లెడ పట్టి రెండు సార్లు ఊపినట్టు అయింది. కానీ మా ఎదురుగా సముద్రం ముందుకొస్తోంది, కింద ఇసుక వణుకుతోంది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. "భాగో!" అని పింటూ భయ్యా కేక వేశాడు. పెట్టె లేదు, సినిమా లేదు, వెనక ఉన్న గుట్ట మీదికి నలుగురు పిల్లల్లా, అంటే ముగ్గురు పిల్లలూ ఒక మూర్ఖురాలూ, పరుగు తీశాం. ఆ పరుగులోనూ భయ్యా కెమెరా మరిచిపోలేదు.

దగ్గర్లో ఉన్న నాలుగిళ్ళ వాళ్ళు కూడా గుట్ట ఎక్కారు. అందరి చేతుల్లోనూ సంచులో మూటలో ఉన్నాయి. మా చేతిలో పార ఉంది.

బేబి నా చెయ్యి వదలకుండా పట్టుకుంది. సెల్వం మురుగన్ పేరు జపిస్తున్నాడు. గోపి ఒక్క మాట అన్నాడు: "అక్కా, ఇంటి దగ్గర కూడా కదిలుంటుంది కదా. అమ్మ ఆ మూట పట్టుకుని పరిగెత్తుంటుంది కదా."

అప్పటిదాకా నాకు సముద్రం అంటేనే భయం. ఆ మాటతో అంతకన్నా పెద్ద భయం ఒకటుందని తెలిసింది.

కాసేపటికి ఆ భయం ఆటోలో వచ్చింది. అమ్మ. చిల్లికుండ కారినట్టుంది, నాన్న చెప్పేశాడు. చెప్పుల్లేవు, జుట్టు ముడి వీడిపోయింది, చంటిపిల్లని పట్టుకున్నట్టు నీలం మూటని రెండు చేతులా గుండెకి హత్తుకుని గుట్ట ఎక్కుతోంది. మమ్మల్ని చూడగానే అక్కడే కూలబడిపోయింది.

"ఉన్నారా? అందరూ ఉన్నారా? బేబీ, నువ్వున్నావా? ఆ సాంబారు కుర్రోడేడి?"

"ఉన్నా ఆంటీ" అన్నాడు సెల్వం.

"సాలు. మీరు దొరికినారు. పెట్టె నా దగ్గరుంది. ఇంకేటొచ్చినా రానీ" అని ఆ మూటని ముద్దు పెట్టుకుంది. రెండు ఇటుకల్నీ ఒక కొబ్బరికాయనీ ముద్దు పెట్టుకుంది మా అమ్మ. అప్పుడు భూమి ఇంకోసారి కదిలి నోరు తెరిచి నన్ను మింగేస్తే బాగుండునని మనసారా కోరుకున్నాను. అవసరమైనప్పుడు భూమి కూడా పలకదు.

అమ్మ కూర్చుని తాడు విప్పడం మొదలెట్టింది.

"ఇప్పుడెందుకమ్మా?" అన్నాను. "ఇంటికెళ్ళి విప్పుకుందాం."

"ఇలాటప్పుడు ఇప్పడానికి కాకపోతే మరెందుకే ఇది?"

టార్పాలిన్ విడింది. అమ్మ ఇటుకలు చూసింది. కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది, అందులో ఏదైనా తలుపు ఉందేమోనన్నట్టు. తర్వాత నా వైపు చూసింది. గుట్ట మీద జనమంతా నా వైపు చూశారు.

"నా పెట్టేదే?"

నేను వేలు చాపి చూపించాను. అటువైపు ఒట్టి సముద్రమే ఉంది.

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. అదే నయం. అమ్మ ఇటుకల్నీ కొబ్బరికాయనీ మళ్ళీ టార్పాలిన్‌లో చుట్టి చంకన పెట్టుకుంది. ఈలోగా ఎవరికో ఫోనొచ్చింది, ప్రమాదమేమీ లేదని, చిన్న కుదుపేనని. జనం దిగిపోయారు. అమ్మ కూడా లేచింది. ఇంటికి వెళ్తుందనుకుంటే, బీచ్ వైపు నడిచింది. నీళ్ళు తాకే చోటు దాకా వెళ్ళి, సముద్రానికి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది.

రెండేళ్ళుగా కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి. నేను దడుచుకున్నాను. "అమ్మా, లే. నేనుంటాను ఇక్కడ. నువ్వు ఇంటికి పద."

"మీ ఎవుర్నీ నమ్మను" అంది, కళ్ళు సముద్రం మీద నుంచి తీయకుండా. "ఒకపాలి ఇల్లు పట్టుకుపోనాది, కొట్టు పట్టుకుపోనాది. నాను సూడకుండా ఉంటే ఇదీ పట్టుకుపోద్ది. ఎలా పట్టుకుపోద్దో సూస్తాను."

మధ్యాహ్నం దాకా నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. అమ్మ వెనక్కి జరుగుతూ జరుగుతూ కూర్చుంది గానీ చూపు తిప్పలేదు. మేం ఆమె వెనక వరసగా, తరగతి బయట నిలబెట్టిన పిల్లల్లా కూర్చున్నాం. నాకు ఏడుపు ఆగలేదు. ఏ సినిమాలో సముద్రం కనపడకూడదనుకున్నానో, ఆ సినిమా పుణ్యమా అని మా అమ్మని రోజంతా సముద్రం ముందు కూర్చోబెట్టాను.

నీళ్ళు వెనక్కి తీయడం మొదలయ్యాక గోపికి ఒక ఆలోచన వచ్చింది. "టేపు చూద్దాం. పాతిన చోటు కెమెరాలో ఉంటుంది కదా!"

పింటూ భయ్యా టేపు వెనక్కి తిప్పాడు. చూశాం. ఇసుక. మళ్ళీ ఇసుక. ఎటు చూసినా ఇసుకే. చెట్టు లేదు, రాయి లేదు, మట్ట లేదు. పోర్ట్ బ్లెయిర్ చరిత్రలో అంత పరిపూర్ణమైన ఎడారిని ఎవరూ తీసి ఉండరు.

"భయ్యా" అన్నాను ఆశ చావక, "ఎండిన చెట్టు పడిందని చెరిపేయమన్నాను చూడండి, ఆ ముక్క... చెరిపేశారా?"

ఆయన తల గోక్కున్నాడు. "దీదీ, నారాజ్ మత్ హోనా. నహీఁ మిటాయా. బ్యాటరీ ఖతమ్ హో జాతీ."

బ్యాటరీ అయిపోతుందని చెరపలేదట! నా మాట వినని మనిషికి జన్మలో మొదటిసారి దండం పెట్టాను. ఒంటికన్ను పెట్టుకుని చూసే ఆ చిన్న గాజులోకి ముందు అమ్మ చూసింది. గోపి గొయ్యి పూడుస్తున్నాడు, వాడి వెనక రెండు కొమ్మల చెట్టు. అమ్మ కెమెరా వదిలి, ఆ చెట్టుని చూసి, దానికి ఎదురుగా ఇసుకలోకి తిన్నగా నడిచి, ఒక చోట కాలితో తన్నింది.

"ఇక్కడ తవ్వండి."

పార ఇనుముకి తగిలి ఠంగుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సెల్వం కేకకి కొబ్బరిచెట్ల మీది కాకులు లేచిపోయాయి. పెట్టెలోంచి నీళ్ళు కారుతున్నాయి. అమ్మ నడుము నుంచి తాళంచెవి తీసింది. మేమంతా చుట్టూ వంగాం. గాజులు, గొలుసు, కాసులపేరు. ఉంటాయి కదా? అన్నీ ఉంటాయి కదా?

మూత లేచింది.

ప్లాస్టిక్ కవర్లు. ఒకదాని మీద ఒకటి, మళ్ళీ దాని మీద ఒకటి చుట్టినవి. అమ్మ ఒక్కోటే తీసి పార్టీకి వచ్చిన చుట్టాల్ని లెక్కపెట్టినట్టు బయట పెట్టింది. బియ్యం. కందిపప్పు. ఉప్పు, పసుపు. బిగించిన సీసాలో అగ్గిపెట్టెలు. ఒక గిన్నె. మా ఇద్దరికీ ఒక్కో జత బట్టలు. అన్నిటికన్నా అడుగున, గుడ్డలో చుట్టి, గాజుసీసాలో ఎర్రగా మెరిసిపోతూ, ఆవకాయ.

"అమ్మా" అన్నాను. "నగలేవి?"

"నగలా? నగలు బియ్యం డబ్బాలో ఉన్నాయి."

"మరి బియ్యం ఇందులో ఎందుకున్నాయి?"

అమ్మ నన్ను జాలిగా చూసింది. "హట్ బేలో కొండ మీదికి ఈ పెట్టె పట్టుకునే పరిగెట్టాను. అప్పుడు దీని నిండా బంగారమే. రెండు రోజులు తిండి లేదు. ఒకావిడ దగ్గర మూటలో బియ్యం ఉన్నట్టు కనబడ్డాయి. గాజు తీసి, 'ఇది ఉంచుకుని గిద్దెడు పెట్టమ్మా' అన్నాను. ఆవిడ మూటిప్పి సూపించినాది. అందులో నావి కన్నా పెద్ద గాజులున్నాయి. 'ఇవి నువ్వు ఉంచుకుని నాకే గిద్దెడు పెట్టమ్మా' అంది."

చెప్తూ అమ్మే నవ్వింది. నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ ముచ్చట రెండేళ్ళలో మొదటిసారి చెప్పింది మరి. నేను నవ్వలేకపోయాను. పొద్దున్నుంచీ బంగారం పోయిందని ఏడ్చాను. అమ్మ మాత్రం రోజంతా మా తిండికి కాపలా కూర్చుంది.

"సూస్తారేటి? ఆకలి లేదా మీకు?" అంది అమ్మ.

అప్పుడు గుర్తొచ్చింది, తెల్లారినప్పటి నుంచి ఎవరమూ మంచినీళ్ళు తప్ప మరేమీ ముట్టలేదు. నా రెండు ఇటుకలూ పొయ్యి అయ్యాయి. పింటూ భయ్యా దగ్గర్లో ఉన్న ఒక ఇంటికి వెళ్ళి నీళ్ళు తెచ్చాడు. ఎండుమట్టలు భగ్గున అంటుకున్నాయి. పప్పూ బియ్యం కలిపి ఉడికించి, ఆవకాయ వేసి, అరటాకు ముక్కల్లో అమ్మ వడ్డించింది. సముద్రం ఎదురుగా ఉంది. ఎవరూ దానికి వీపు పెట్టలేదు. పింటూ భయ్యా ఆవకాయ నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళతో, "మాజీ, సునామీ సే భీ తేజ్ హై!" అన్నాడు, సునామీ కన్నా ఘాటట. అమ్మ ఆయనకి ఇంకో ముక్క వేసింది.

సినిమా కేబుల్‌లో వచ్చింది. ఎడారి బ్రహ్మాండంగా కుదిరింది. ఒక్క చుక్క నీళ్ళు కనపడలేదు. కానీ మొదటి నుంచి చివరి దాకా, ఒంటె ముద్రల మీదా, దాహంతో పడిపోయే సెల్వం మీదా, అలల చప్పుడు హోరున వినపడుతూనే ఉంది. కళ్ళకి గంతలు కట్టానుగానీ చెవుల సంగతే మరిచిపోయాను. ఊరంతా పగలబడి నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా అమ్మ. ఈసారి టీవీ కట్టేయలేదు.

మర్నాడే పెట్టె కడిగి, ఎండబెట్టి, మళ్ళీ నింపింది. బియ్యం కవరు ఈసారి లావుగా కనపడింది. ఎందుకని అడిగాను.

"ఆ కెమెరా ఆయనొకడు పెరిగినాడు కదా" అంది.

కాబట్టి సమస్త జనులకూ నేను సముద్రం సాక్షిగా, దానికి ఎదురుగా నిలబడి, రెండు కళ్ళూ తెరిచి చేయు ప్రమాణం ఏమనగా: ఈ జన్మలో మళ్ళీ ఎడారి సినిమా తీయను. ఎంతటి నిధి కోసమైనా అమ్మ పెట్టె మీద చెయ్యి వేయను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని వేసినా, బంగారం ఉందనుకునే వేస్తాను గానీ, అందులో ఆవకాయ ఉందని తెలిసి మాత్రం ఇసుకలో పాతిపెట్టను.